తీరికలో పుట్టే తపన
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడేవాళ్లు సాధారణంగా ఆయన కనిపెట్టిన మందుల గురించి చెబుతారు. అది న్యాయమే. నేను మాత్రం ఆయన విద్యార్థిగా హార్వర్డ్ గడప తొక్కిన ఘట్టం దగ్గర ఆగాలనుకుంటున్నాను. ఈ హాలులో ఉన్న పిల్లల్లో చాలామంది ఒకటి రెండేళ్లలో ఏదో ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టబోతున్నారు. కొందరు ఎం.ఎస్. కోసం అమెరికాకు, కొందరు మన దేశంలోనే వ్యాసం, ఇంటర్వ్యూ అడిగే సంస్థలకు. ఆ దరఖాస్తులన్నీ ఏదో ఒక రూపంలో ఒకే సంగతి అడుగుతాయి. నీకు దేని మీద తపన? దాని కోసం ఇంతవరకు ఏం చేశావు? దీనికి నిజమైన జవాబు ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఇవాళ్టి నా అంశం.

నేను చెప్పదలచిన మాట ముందే చెప్పేస్తాను. దరఖాస్తు రాసే నెలలో తపన పుట్టదు. అంతకు ముందు నాలుగైదేళ్లలో పిల్లలకు తమదంటూ కొంత తీరిక దొరికి, ఆ తీరికలో ఎవరూ చెప్పకుండానే వాళ్లు ఏదో ఒక పని పట్టుకొని ఉంటే, దరఖాస్తు దాని వివరం చెబుతుంది. ఆ తీరికే లేకపోతే ఎంత చేయి తిరిగినవాడు రాసిపెట్టినా ఆ కాగితంలో మనిషి కనపడడు.

మార్కుల్లో కనపడని మనిషి

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. సన్యాసం పుచ్చుకొని రామకృష్ణ మిషన్‌లో చేరాలని కోరిక. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవ చేయవచ్చన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆ కాగితంతో మంచి ఉద్యోగం దొరక్క ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు.

అప్పటికే స్ప్రూ అనే జబ్బు ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. పేగులను పట్టి, తిన్నది ఒంటబట్టకుండా చేసి, రక్తం లేకుండా మనిషిని కృశింపజేసే వ్యాధి అది. అప్పట్లో దానికి కారణం తెలియదు, మందూ లేదు. ఉష్ణమండల వ్యాధుల గురించి చదవాలని సుబ్బారావు గారు హార్వర్డ్‌ను ఆశ్రయించారు. సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ రాలేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి, మామగారు చేసిన సాయంతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు.

ఆ తర్వాతి కథ మీకు తెలుసు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. తర్వాత శరీరానికి శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. మీద పని. 1930లో పీహెచ్‌డీ. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లి పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకు ప్రాణం పోసిన మందు అదే. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు ఆ జబ్బుకు ఆయన చేతుల మీదుగా జవాబు దొరికింది. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

ఇందులో విద్యార్థులు గమనించవలసింది ఒకటుంది. ఈమధ్య పిల్లలు దరఖాస్తు వ్యాసంలో ఇంట్లో జరిగిన విషాదం గురించి రాస్తే చాలనుకుంటున్నారు. దుఃఖం అందరి ఇళ్లకూ వస్తుంది. సుబ్బారావు గారిని వేరుగా నిలబెట్టింది దుఃఖం తర్వాత ఆయన నడిచిన దారి. ఆ జబ్బు ఆయనకు ప్రశ్న అయింది, ఆ ప్రశ్న ఆయన్ను సముద్రం దాటించింది, బెడ్‌పాన్లు కడిగించింది, ప్రయోగశాలలో జీవితమంతా కూర్చోబెట్టింది. జరిగినదానికి ఒక పేరా చాలు. మిగతా కాగితమంతా దాని తర్వాత మీరు చేసినదానికి కేటాయించండి.

నెల్లూరు కలెక్టరు గారి ముందు

మన నేల మీదే జరిగిన ఇంకొక సంఘటన చెబుతాను. 1910 చివర్లో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారిని చూడటానికి నలిగిన నోటుపుస్తకం పట్టుకొని ఒక యువకుడు వచ్చాడు. ఎఫ్.ఏ. తప్పినవాడు, ఉద్యోగం లేనివాడు. పేరు రామానుజన్. కలెక్టరు గారికి గణితంలో ప్రవేశం ఉంది. అయినా మొదట ఆ పుస్తకం ఆయనకు కొరుకుడు పడలేదు. ఆ కుర్రవాడు సులువైన ఫలితాలతో మొదలుపెట్టి మెల్లగా కఠినమైనవాటి దాకా చూపించుకుంటూ వెళ్లాక నమ్మకం కుదిరింది. నీకేం కావాలని అడిగితే, బతకడానికి కాస్త తిండి, లెక్కలు చేసుకోవడానికి తీరిక అన్నాడు. రామచంద్రరావు గారు కొంతకాలం నెలకు 25 రూపాయల చొప్పున ఇచ్చి పోషించారు.

1913 జనవరి 16న రామానుజన్ కేంబ్రిడ్జ్‌లోని గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశాడు. విశ్వవిద్యాలయానికి పెట్టుకునే దరఖాస్తుకు నాకు తెలిసిన అత్యుత్తమ నమూనా అది. మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమస్తానని, ఏడాదికి 20 పౌండ్ల జీతమని, యూనివర్సిటీ చదువు లేదని, బడి మానేశాక దొరికిన తీరికనంతా గణితం మీద పెట్టానని నాలుగు ముక్కల్లో చెప్పాడు. తర్వాత పేజీల కొద్దీ సూత్రాలు. గణితమంటే తనకెంత ప్రాణమో చెప్పడానికి ఒక్క వాక్యం కూడా ఖర్చు పెట్టలేదు. ఆ ఏడాదే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. మరుసటి ఏడాది ఆయన కేంబ్రిడ్జ్ వెళ్లాడు.

మన పిల్లలందరూ రామానుజన్‌లు కానక్కర్లేదు. ఆ ఉత్తరంలోని పాళ్లు నేర్చుకుంటే చాలు. తన గురించి కొంచెం, పని గురించి ఎక్కువ. ఇంకొక సంగతి కూడా చూడండి. నెల్లూరులో నోటితో అడిగిందీ, కేంబ్రిడ్జ్‌కు కాగితం మీద చెప్పిందీ తీరిక గురించే.

దరఖాస్తు ఏం అడుగుతుంది?

అమెరికాలో డిగ్రీ చదువుకు కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు ఉంది. 1975లో 15 కాలేజీలతో మొదలైంది, ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలు దాన్ని తీసుకుంటున్నాయి. అందులో 650 మాటలకు మించని వ్యాసం రాయాలి. పది వ్యాపకాల దాకా పేర్కొనవచ్చు, ఒక్కోదాని వివరానికి 150 అక్షరాలే చోటు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి, ఒక్కోదానికి 350 మాటల లోపు జవాబు రాయమంటుంది. ఎం.ఐ.టి. సొంత దరఖాస్తులో నాలుగు వ్యాపకాలకే చోటుంది. ఎవరి ఒత్తిడీ లేకుండా, కేవలం ఆనందం కోసం చేసే పని ఏమిటని కూడా అడుగుతూ వస్తోంది. ఎం.ఎస్.కు వెళ్లే మన పిల్లలు రాసేది ఎస్.ఓ.పి., అంటే ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెప్పే రెండు పేజీల లేఖ.

మన దేశంలోనూ ఈ దారి తెరుచుకుంటోంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పరిశోధనతో కూడిన డ్యూయల్ డిగ్రీకి వాళ్ల సొంత పరీక్ష తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. డిజైన్ సంస్థలు చేతిపని చూస్తాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించిన క్రీడాకారులకు ఐఐటీ మద్రాస్ 2024 నుంచి ప్రత్యేకంగా సీట్లు ఇస్తోంది.

ఈ పద్ధతిని నేను గుడ్డిగా మెచ్చుకోవడం లేదు. దాని పుట్టుకలో మచ్చ ఉంది. సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగిన 1922లోనే హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ యూదు విద్యార్థుల సంఖ్యకు హద్దు పెట్టాలని ప్రతిపాదించాడు. బాహాటమైన కోటా చెల్లకపోయేసరికి, మార్కులతో పాటు ‘వ్యక్తిత్వం’ చూస్తామంటూ ఫొటోలు, సిఫారసులు, ఇంటర్వ్యూలు తెచ్చారు. జెరోమ్ కారబెల్ 2005లో వెలువరించిన ‘ది చోజన్’ ఈ చరిత్రను విపులంగా చెబుతుంది. మనిషిని చూస్తామనే పేరుతో మనుషుల్ని గేటు బయట నిలబెట్టిన రోజులున్నాయి. మన ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) ర్యాంకు ఇంటిపేరు అడగదు, ఊరు అడగదు. ఆ గుణాన్ని నేను తక్కువ చేయను. అయితే ర్యాంకు ఒక్కటే కొలబద్ద అయిన చోట సుబ్బారావు గారి వంటి మనిషికి తలుపు తెరుచుకునేది కాదన్నదీ నిజమే.

అద్దె తపన

తపనకు గిరాకీ పెరిగేసరికి దాన్ని అమ్మేవాళ్లూ వచ్చారు. 2019 మార్చిలో అమెరికాలో బయటపడ్డ కుంభకోణం మీరు చదివే ఉంటారు. రిక్ సింగర్ అనే కన్సల్టెంటు డబ్బున్న తల్లిదండ్రుల దగ్గర సొమ్ము తీసుకొని, పడవ పోటీల మొహం చూడని పిల్లల్ని పడవ పందేల ఆటగాళ్లుగా చూపించాడు. దొంగ ఫొటోలు తయారుచేయించాడు, కోచ్‌లకు లంచాలిచ్చాడు. 2023 జనవరిలో అతనికి మూడున్నరేళ్ల జైలుశిక్ష పడింది.

మన దగ్గర జరిగేది అంత పెద్ద నేరం కాకపోవచ్చు. కానీ చిన్న రూపంలో ఆ అబద్ధం మన మధ్య మామూలైపోయింది. కన్సల్టెన్సీలో ఒక ఎస్.ఓ.పి. ఉంటుంది. పేరు మారుస్తారు, కాలేజీ మారుస్తారు, ప్రాజెక్టు పేరు మారుస్తారు. ‘చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం’ అన్న మొదటి వాక్యం మాత్రం ఎవరికీ మారదు. ఇప్పుడు ఆ పని కృత్రిమ మేధ చేసిపెడుతోంది. దాని చేత వ్యాసం రాయించి తమదిగా పంపితే కామన్ యాప్ నిబంధనల ప్రకారం అది మోసమే. సిఫారసు లేఖల సంగతీ అంతే. విద్యార్థే రాసుకొస్తాడు, మనం సంతకం పెడతాం. తోటి అధ్యాపకులకు చేతులు జోడించి చెబుతున్నాను. ఆ పిల్లవాడి గురించి మీరు కళ్లారా చూసిన మూడు సంగతులు మీ సొంత మాటల్లో రాయండి. అరువు తెచ్చుకున్న రెండు పేజీల పొగడ్త కంటే అవే అతనికి ఎక్కువ మేలు చేస్తాయి.

ఈ అబద్ధం వల్ల మొదట నష్టపోయేది విద్యార్థే. తనది కాని తపనతో సీటు తెచ్చుకున్నవాడు తనది కాని చదువును మోయాల్సి వస్తుంది. పరాయి దేశంలో, అప్పు నెత్తి మీద ఉండగా, ఇష్టంలేని సబ్జెక్టుతో రెండేళ్లు గడపడం ఎంత నరకమో అనుభవించిన పిల్లలు చెబుతుంటే విన్నాను.

అసలు తపన ఎలా ఉంటుంది?

సుబ్బారావు గారి భీమవరం చుట్టుపక్కల ఇవాళ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఒక ఆక్వా రైతు కూతురు దరఖాస్తు రాస్తోందనుకుందాం. ‘నాకు పర్యావరణ శాస్త్రం అంటే అమితమైన తపన. ప్రపంచానికి సేవ చేయాలని నా ఆశయం’ అని రాసింది. ఎవరికి ఏం తెలిసింది? ఈ రెండు వాక్యాలూ ఎవరైనా రాయవచ్చు.

ఇప్పుడు ఆ అమ్మాయి ఇలా రాసిందనుకోండి. తెల్లవారుజామున రొయ్యలు నీటిపైకి తేలుతుంటే నాన్న పరుగెత్తుకెళ్లి ఏరియేటర్లు వేయడం చూశాను. తెల్లవారకముందే ఎందుకిలా అవుతుందని అడిగాను. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి తయారీ ఆగిపోయి వాడకమే మిగులుతుంది, అందుకే వేకువకు ఆక్సిజన్ అట్టడుగుకు పోతుందని పుస్తకంలో చదివాను. ఆక్సిజన్ మీటరు అరువు తెచ్చి వేకువన కొలిచి రాసుకున్నాను. మబ్బు పట్టిన రోజు మరుసటి వేకువకు అంకె ఇంకా పడిపోయింది. మబ్బు చూసి ఏరియేటర్లు ఎప్పుడు వేయాలో లెక్క కట్టాను. ఒక వారం లెక్క కుదిరింది, మరుసటి వారం తప్పింది. నాచు పచ్చదనం కూడా లెక్కలోకి తీసుకోవాలని అప్పుడు తెలిసింది. అదెలా కొలవాలో నాకింకా చేతకాదు. అది నేర్చుకోవడానికే మీ దగ్గరికి వస్తానంటున్నాను.

ఇక్కడ తపన అన్న మాటే లేదు. అయినా చదివినవాళ్లకు ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. ఒక ప్రశ్నలోంచి ఇంకో ప్రశ్న పుట్టడం మొదటి గుర్తు. పని చేసినవాళ్లకు తప్ప తెలియని వివరం ఉండటం రెండోది. లెక్క తప్పిన వారాన్ని దాచకపోవడం మూడోది. ఎక్కడ ఆగిపోయిందో, తర్వాత ఏం కావాలో స్పష్టంగా తెలియడం నాలుగోది. విద్యార్థులారా, మీరు రాసినది ఈ నాలుగింటితో సరిచూసుకోండి. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, పక్క బెంచీవాడు కూడా ఇదే వాక్యం రాయగలడా అని అడగండి. రాయగలడనిపిస్తే కొట్టేయండి.

జాబితా పొడుగు చేయాలనే ఆరాటం కూడా వద్దు. హార్వర్డ్ విద్యాశాస్త్ర విభాగం 2016లో ఒక నివేదిక వెలువరించింది. రెండు మూడు వ్యాపకాలు లోతుగా చేస్తే చాలని, అంతకు మించి చూపించాలన్న ఒత్తిడి విద్యార్థుల మీద ఉండకూడదని అందులో ఉంది.

డబ్బున్నవాళ్ల పిల్లలకే వ్యాపకాలుంటాయి, మాకెక్కడివని కొందరు బాధపడతారు. ఆ బాధలో నిజముంది. డబ్బు కట్టి చేరే వేసవి కోర్సులు, రుసుము తీసుకొని వ్యాసాలు అచ్చేసే పత్రికలు చాలా ఉన్నాయి. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. కామన్ యాప్ వ్యాపకాల పట్టికలో కుటుంబ బాధ్యతలకు, జీతానికి చేసే పనికి విడిగా చోటుంది. అమ్మ నడిపే టిఫిన్ సెంటరు లెక్కలు చూడటం, తమ్ముళ్లకు చదువు చెప్పడం, సెలవుల్లో కూలికెళ్లడం దాచుకోవలసిన సంగతులు కావు. ఆ పనిలో మీరు ఏం గమనించారు, ఏం మార్చారు, ఏం నేర్చుకున్నారు అన్నది రాయండి. సుబ్బారావు గారు కడిగిన బెడ్‌పాన్లు ఆయన చదువులో భాగమే.

తీరిక ఎవరిస్తారు?

ఇక అసలు ప్రశ్న. ఆ ఆక్వా రైతు కూతురికి వేకువన చెరువు గట్టున నిలబడే అవకాశం ఎప్పుడుంటుంది? ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సు. ఇంటర్‌కు రెసిడెన్షియల్ కాలేజీ. తెల్లవారకముందే లేపి స్టడీ అవర్, పగలంతా క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. రెండేళ్ల పాటు పిల్లలకు తమదైన గంట ఒక్కటి ఉండదు. కిటికీలోంచి చూస్తూ ఆలోచించినా మందలిస్తారు. ఆ పిల్లలే ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఎస్.ఓ.పి. రాయడానికి కూర్చొని, నాకు దేని మీద ఇష్టమో నాకే తెలియదు సార్ అంటారు. ఎన్నో ఏళ్లుగా ఈ మాట వింటున్నాను. విన్న ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది. తప్పు వాళ్లది కాదు. ఇష్టపడటానికి మనం వాళ్లకు సమయమే ఇవ్వలేదు. ఇవ్వని సమయానికి పంట ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ఖాళీని పూడ్చడానికే కన్సల్టెన్సీలు పుట్టుకొచ్చాయి.

పోటీ పరీక్షలు రేపే పోవు. ర్యాంకులు మానేయమని నేను అనను. రోజుకు ఒక గంట అడుగుతున్నాను. తల్లిదండ్రులారా, ఆ గంటకు మార్కులు వేయకండి, అది దేనికి పనికొస్తుందని అడగకండి. పిల్లవాడు పాత రేడియో విప్పినా, పిట్టల పేర్లు రాసుకున్నా, అమ్మమ్మ దగ్గర పాటలు నేర్చుకున్నా వదిలేయండి. నెలకోసారి ఏం చేశావో చెప్పమని ఇష్టంగా అడిగి వినండి. ప్రిన్సిపాళ్లారా, వారంలో ఒక మధ్యాహ్నం లైబ్రరీ, ల్యాబ్ తెరిచి పెట్టండి, సిలబస్ మాట ఎత్తకండి. దాతలారా, కాకినాడ ధర్మనిధి ఒకనాడు మార్కులు అంతంతమాత్రంగా ఉన్న యువకుడిని నమ్మింది. మీ స్కాలర్‌షిప్పుల్లో కొన్నింటిని అలాంటి పిల్లల కోసం విడిగా ఉంచండి.

విద్యార్థులారా, దరఖాస్తుకు ఇంకా రెండేళ్లుంటే ఇవాళే ఒక నోటుపుస్తకం కొనుక్కోండి. మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటి అందులో రాయండి. దాని మీద చేసిన ప్రతి పనినీ, తప్పినదాన్ని కూడా, తేదీ వేసి రాసుకోండి. దరఖాస్తుకు నెల రోజులే ఉంటే మీకు లేని తపనను అరువు తెచ్చుకోకండి. మీరు చేసిన చిన్న పనినే ఉన్నదున్నట్టు రాయండి. సీటు వచ్చినా రాకపోయినా ఆ కాగితం కింద మీ సంతకం నిజంగా మీదే అయి ఉండాలి.